వారంటీ దాటిన రెండు నెలలకే పోయిన పైలట్ హెడ్‌సెట్‌పై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. 26 నెలల కిందట మీ హైదరాబాద్ షోరూంలో లక్షా 8 వేలు పెట్టి నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి మోతను ఎలక్ట్రానిక్స్‌తో అణిచే) హెడ్‌సెట్ కొన్నాను. నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. ఉద్యోగం వేరే. ఆదివారం వీలు చిక్కితే బేగంపేటలో క్లబ్బు వాళ్ల చిన్న విమానం సెస్నా 172 తీసుకుని ఓ గంట తిరిగొస్తాను. లాగ్‌బుక్ చూస్తే ఇన్నాళ్లలో ఆ హెడ్‌సెట్ వాడింది 94 గంటలు. గంటకు పదకొండు వందల పైమాటే పడిందన్నమాట.

ముందు చెవి మెత్తలు పోయాయి. ఒక్క ఎండాకాలానికే పైతోలు పొట్టు పొట్టుగా రాలింది. ఇంటికెళ్తే చెంపల మీద నల్లటి పెచ్చులు చూసి మా ఆవిడ ఒకటే నవ్వు. మెత్తలు అరిగేవే కదా అని సరిపెట్టుకుని కొత్తవి మీ దగ్గరే కొన్నాను.

పోయిన నెల జరిగింది మాత్రం నవ్వుకునేది కాదు. ల్యాండింగ్‌కి ముందు రన్‌వే పక్కగా దిగే దిశకు ఎదురుగా వెళ్లే డౌన్‌విండ్‌లో ఉన్నాను, కంట్రోల్ టవర్ నాకేదో చెబుతోంది. సరిగ్గా అప్పుడే ఎడమ కప్పులో పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపటలు, ఆ వెంటనే ఈల. ‘సే అగెయిన్’ (మళ్లీ చెప్పండి) అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. క్యాన్సిలింగ్ స్విచ్ ఆపితే ఈల ఆగింది కానీ ఇంజిన్ హోరు ఒక్కసారిగా మీద పడింది. ముందున్న విమానాన్ని వెతకాల్సిన కళ్లు స్విచ్ వెతికాయి. ఆ పది పదిహేను సెకన్ల టెన్షన్ మీ షోరూంలో కూర్చుంటే తెలియదు.

మీ సర్వీస్ వాళ్ల జవాబు: చెమట తగిలింది, వారంటీ అయిపోయింది, ఈ మోడల్‌కి స్పేర్లు రావు, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి. మే నెలలో, తలుపులు మూసిన సెస్నాలో, చెమట పట్టకుండా కూర్చునే పైలట్‌ని చూపించండి, ఆయన దగ్గర శిష్యరికం చేస్తాను.

కొన్నప్పుడు మీ సేల్స్ అబ్బాయి 1978లో బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కి విమాన ప్రయాణంలో ఈ నాయిస్ క్యాన్సిలింగ్ ఆలోచన వచ్చిన కథ చెప్పాడు. మీది ఆ కంపెనీ సరుకు కాకపోయినా బాగానే చెప్పాడు. స్పేర్ల సంగతి అడిగితే మాత్రం ‘లైఫ్ ఉంటుంది సార్’ అన్నాడు. ఎవరి లైఫో చెప్పలేదు.

సెస్నా 172 ఇంజిన్ 2,400 ఆర్‌పీఎమ్ (నిమిషానికి అన్ని చుట్లు) మీద ఉంటే సిలిండర్లలో ఇంధనం మండేదీ, రెండు రెక్కల ప్రొపెల్లర్ కొట్టేదీ సెకనుకు 80 సార్లు. ఆ బొంగురు మోతను ఎలక్ట్రానిక్స్ అణుస్తుంది. కీచు శబ్దాలను ఆపేది కప్పూ, మెత్తా. మెత్త చిరిగినా, నా కళ్లజోడు కాడ దగ్గర సందు పడినా రెండు పనులూ చెడతాయి. అలాంటప్పుడు మన్నిక లేని హెడ్‌సెట్‌ని ‘అన్నిటికన్నా నిశ్శబ్దం’ అని ఎలా అమ్ముతారు?

పక్క సీటుకి క్లబ్బు వాళ్ల పాత పచ్చ డేవిడ్ క్లార్క్ కంపెనీ హెడ్‌సెట్ ఒకటి ఉంటుంది. అందులో క్యాన్సిలింగ్ లేదు. గంట దాటితే నడినెత్తి నొప్పి. కానీ ఎంతోమంది స్టూడెంట్ల చేతులు మారి కూడా పనిచేస్తోంది. మైక్ పోతే మైక్, వైరు పోతే వైరు, స్క్రూడ్రైవర్ పట్టుకుని మార్చేస్తారు. ప్రస్తుతం నేను పెట్టుకుంటున్నది అదే. మీది అలమరలో ఉంది.

ఎడమ కప్పు ఉచితంగా బాగుచేసి ఇవ్వండి. స్పేర్లు నిజంగానే లేకపోతే డబ్బు వాపసు ఇవ్వండి, ఎక్స్ఛేంజ్ మాట వద్దు. ఇకపై అమ్మే ప్రతి మోడల్‌కి ఏ భాగం ఎన్నేళ్లు దొరుకుతుందో బిల్లు మీద రాయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాను.

బిల్లు, మీ ఈమెయిళ్ల కాపీలు జతచేశాను. ఈల రికార్డింగ్ కూడా పంపుతున్నాను. వినేటప్పుడు సౌండ్ తగ్గించుకోండి.

ఇట్లు,
మీ కస్టమర్