సీటీ నార్మల్ వచ్చినా తలనొప్పి తగ్గకపోతే వెనోగ్రామ్ గురించి అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా చెల్లికి 26 ఏళ్లు, ఏప్రిల్‌లో పాప పుట్టింది, పురిటికి మర్రిపాలెంలో మా ఇంటికే వచ్చింది. పదో రోజు నుంచి తలనొప్పి, పడుకుంటే ఇంకా ఎక్కువవుతోంది అక్కా, దగ్గితే తల పగిలిపోతోంది అనేది. నిద్ర లేక అనుకున్నాం, అమ్మ దిష్టి కూడా తీసింది. దగ్గర్లో ఒక ఆస్పత్రిలో చూపిస్తే మైగ్రేన్ అన్నారు, వాంతులు కూడా అవుతున్నాయంటే సీటీ తీశారు, రిపోర్ట్ నార్మల్, హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేశాం. మూడో రోజు తెల్లారకముందే ఫిట్స్ వచ్చాయి, కుడి చెయ్యి లేవలేదు. వేరే చోటికి పరిగెత్తితే అక్కడ ఎంఆర్ఐతో పాటు వెనోగ్రామ్, అంటే మెదడులోని సిరల్ని చూపించే స్కాన్, తీశారు, అప్పుడు తెలిసింది మెదడులోంచి రక్తం కిందికి దిగే సిరలో గడ్డ కట్టిందని.

పక్షవాతం అంటే బీపీ, షుగర్ ఉన్న పెద్దోళ్లకే అనుకుంటాం కదండీ, ఇలా సిరలో గడ్డ కట్టి వచ్చేది మాత్రం ఎక్కువగా వయసులో ఉన్నవాళ్లకే వస్తుందట. ఆడవాళ్లకే అని కూడా అనుకోవద్దు, హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు 2012లో ఈ గడ్డ వచ్చిన 428 మంది పేషెంట్ల వివరాలు రాస్తే అందులో సగానికి పైగా మగవాళ్లే, సగటు వయసు 31 దగ్గర. మామూలు సీటీలో ఈ గడ్డ చాలామందికి కనపడదు, వెనోగ్రామ్‌లోనే తెలుస్తుంది. ఆ ముక్క మాకు ముందే ఎవరైనా చెప్పుంటే ఆ మూడు రోజులు పోయేవి కాదు.

నన్ను ఇప్పటికీ తినేస్తున్నది నీళ్ల సంగతి. బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని మా ఇంట్లో కూడా గ్లాసు కొలిచి ఇచ్చాం, పత్యం, కాయం, చెవుల్లో దూది, ఫ్యాన్ వద్దు, మన వైజాగ్ ఉక్కపోతలో అది చెమటతో తడిసిపోతుంటే కూడా ఇంకో గ్లాసు ఇవ్వలేదు. కాన్పయ్యాక కొన్ని వారాలు రక్తం మామూలుగానే త్వరగా గడ్డ కడుతుంది, దానికి తోడు ఒంట్లో నీళ్లు తగ్గితే, రక్తం తక్కువుంటే ఇంకా ప్రమాదం అని డాక్టర్ గారు చెప్తుంటే అమ్మ మొహం చూడలేకపోయాను. అమ్మమ్మ తనకి చేసిందే తను కూతురికి చేసింది, ప్రేమతోనే చేసింది.

రక్తం గడ్డ కట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. లోపల కొంచెం రక్తం చిమ్మినా సరే ఈ గడ్డకి అదే మందట, మేం మొదట భయపడి వద్దన్నాం. టైముకి వైద్యం అందితే ఎక్కువమంది బాగానే కోలుకుంటారు, మా చెల్లి కూడా ఇప్పుడు పాపని రెండు చేతులతో ఎత్తుకుంటోంది, రక్తం పల్చబడే మాత్రలు ఇంకా వాడుతోంది, రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్ఆర్ టెస్టుకి నేనే తీసుకెళ్తున్నాను.

మీ పేపర్ హెల్త్ పేజీలో ఒక న్యూరాలజిస్ట్ చేత దీని గురించి రాయించండి సార్. తగ్గని కొత్త తలనొప్పి, చూపు మసకబారడం, వాంతులు, ఫిట్స్, ఇవి బాలింతల్లో గానీ హార్మోన్ మాత్రలు వాడేవాళ్లలో గానీ కనిపిస్తే ఎక్కడికెళ్లాలో, ఏ స్కాన్ అడగాలో వివరంగా రావాలి. వీలైతే శ్రావణ మాసం లోపే వేయండి, వ్రతాల కోసం పీరియడ్స్ వాయిదా వేసే మాత్రలు, అవీ హార్మోన్ మాత్రలే, డాక్టర్ని అడక్కుండా మెడికల్ షాపులో కొనుక్కునే ఆడపిల్లలు మా వీధిలోనే ఉన్నారు.

ఇట్లు,
ఒక అక్క, మర్రిపాలెం, విశాఖపట్నం