చిన్నూకి, మీ గ్యాంగ్ నవ్వుల గురించి

చిన్నూ,

ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడితే "సరే అమ్మా, ఓకే అమ్మా" అని తల ఊపేసి బాల్ తీసుకుని సెల్లార్‌లోకి వెళ్ళిపోతావు, అందుకే రాస్తున్నా. మొత్తం చదువు.

ఆ వీడియో నేనూ చూశాను. ఎవరు పంపారని అడగొద్దు, చెప్పను. స్కూటీ మీద ముగ్గురు, ఒక్కడికీ హెల్మెట్ లేదు, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఆర్టీసీ బస్సుకీ డివైడర్‌కీ మధ్యలోంచి దూరిపోతున్నారు, మధ్యలో కూర్చున్నది నువ్వు. నాన్న తిట్టాల్సినంత తిట్టారు, మళ్ళీ నేను తిట్టను. నాకు వేరే సంగతి కావాలి. వెనక కూర్చున్నవాడు ఫోన్ తిప్పి ముగ్గురి మొహాలూ తీశాడు కదా, అక్కడ ఆపి ఆపి చూశాను. బస్సు హారన్ కొట్టగానే నీ మొహంలో భయం, స్పష్టంగా కనిపిస్తోంది. అంతలో వాళ్ళిద్దరూ నవ్వారు, "కిరాక్ రా మామా, ఇంకోసారి" అన్నాడు వెనకవాడు. అప్పుడు నువ్వూ నవ్వావు. భయపడ్డవాడివి రెండు సెకన్లలో నవ్వేశావు చూడు, నన్ను నిద్రపోనివ్వనిది అదే.

అమెరికాలో ఓరెగాన్ అని ఒక రాష్ట్రం ఉంది. అక్కడ థామస్ డిషియన్ అనే సైకాలజిస్టు, ఆయన టీమ్ కలిసి సరిగ్గా నీ వయసు అబ్బాయిలను, 13, 14 ఏళ్ళవాళ్ళను, ఒక్కొక్కరిని తన ఫ్రెండ్‌తో పాటు ఒక గదిలో కూర్చోబెట్టి 25 నిమిషాలు మాట్లాడుకోమన్నారు. వీడియో తీశారు. తర్వాత ఆ వీడియోలు ముందేసుకుని ఎవరు ఏం చెప్పారు, దేనికి నవ్వారు అని రాసుకున్నారు. కొన్ని జంటలు మామూలు ముచ్చట్లకే నవ్వుకున్నాయి. కొన్ని జంటల్లో మాత్రం ఒకడు ఏదో రూల్ తప్పిన సంగతి ఎత్తగానే రెండోవాడు నవ్వేవాడు, ఆ నవ్వు చూసి మొదటివాడు ఇంకాస్త పెంచి చెప్పేవాడు. రెండేళ్ళ తర్వాత చూస్తే ఈ రెండో రకం పిల్లల్లో పోలీసుల దాకా వెళ్ళే పనులు పెరిగాయి, వాళ్ళు అంతకుముందు ఎట్లాంటి పిల్లలో అన్నది లెక్కలోకి తీసుకున్నా సరే. 1996లో ఇది అచ్చయింది. ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు చిన్నూ, "చెయ్, లేకపోతే మాతో తిరగకు" అని ఎవరూ అనలేదు. నవ్వారు, అంతే.

ఇప్పుడు మీ గ్యాంగ్ సంగతి నువ్వే గుర్తు చేసుకో. సెవెంత్‌లో మీరు నవ్వుకున్నది దేనికి? వాచ్‌మన్ తాత నడకని ఒకడు చేసి చూపిస్తే. అది నాకూ తెలుసు, బాల్కనీలోంచి వినిపించేది. తర్వాత ట్యూషన్ బంక్ కొట్టి మెట్రో స్టేషన్ కింద పానీపూరీ తిన్న ఫోటోకి. తర్వాత నత్తి ఉన్న సార్ మాట్లాడుతుంటే ఎవరో రికార్డ్ చేసిన ఆడియోకి. ఇప్పుడు బస్సు పక్కనుంచి దూరినదానికి. నిన్న నవ్వొచ్చింది ఇవాళ పాతబడిపోతుంది కాబట్టి ఇవాళ ఇంకొంచెం పెద్దది కావాలి. మీరు నలుగురూ కూర్చుని ప్లాన్ వేసుకుని ఇక్కడిదాకా రాలేదని నాకు తెలుసు. నవ్వు వెంట నవ్వు, వచ్చేశారు.

అట్లా అని నీ ఫ్రెండ్స్ చెడ్డవాళ్ళు, మానెయ్ అనడం లేదు. ఆ బండి నడిపినవాడే నీ చేతికి కట్టు ఉన్నన్ని రోజులూ నీ బ్యాగ్ మోశాడు, నోట్స్ రాసిపెట్టాడు, అది నేను మర్చిపోలేదు. పైగా ఒకటి ఆలోచించు. వాళ్ళ ఇంట్లో "ఆ ఫ్రెండ్స్" అంటే నువ్వే. వాళ్ళమ్మ కూడా ఈపాటికి "ఆ చిన్నూగాడితో తిరిగి పాడైపోతున్నాడు" అని అంటూనే ఉంటుంది, అందులో తప్పేముంది? బండి నడిపింది వాడు. వాడి చేత అంత స్పీడ్‌గా నడిపించింది వెనక మీ ఇద్దరి కేకలు. ఒక్కడే ఉంటే వాడు ఆ సందులోకి దూరేవాడు కాదు, ఈ మాట ఊరికే అనడం లేదు. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అని ఇద్దరు సైకాలజిస్టులు, 306 మంది చేత కంప్యూటర్ మీద కారు గేమ్ ఆడించారు. ఆరెంజ్ లైట్ పడ్డాక ఎంత దూరం పోనిస్తావు అన్నదే ఆట. పక్కన ఫ్రెండ్స్ ఉంటే 13 నుంచి 16 ఏళ్ళవాళ్ళు తీసుకున్న రిస్క్ ఒంటరిగా ఆడినప్పటికంటే దాదాపు రెట్టింపయింది. 24 దాటినవాళ్ళకు పక్కన ఎవరున్నా తేడా రాలేదు. అంటే నీకు బుద్ధి లేక కాదు, ఈ వయసులో పక్కన మనవాళ్ళు ఉంటే తల అట్లా పనిచేస్తుంది. ఫ్రెండ్స్ ఒత్తిడిని తట్టుకునే శక్తి 14 నుంచి 18 లోపు మెల్లగా గట్టిపడుతుందట. అప్పటిదాకా మాత్రం జాగ్రత్త పడాలి.

హాస్టల్ సంగతి కూడా చెప్పేస్తా, నువ్వు తలుపు చాటునుంచి విన్నావని తెలుసు. "రెసిడెన్షియల్‌లో వేస్తే దారికొస్తాడు" అని పెద్దమ్మ అంది, నాన్న కూడా ఆలోచించారు. నేను వద్దన్నాను. నా మీద బెంగ పెట్టుకుంటావని కాదు. 1939 నుంచి అమెరికాలోని మసాచుసెట్స్‌లో, దారి తప్పుతారేమో అనుకున్న అబ్బాయిలకు ఏళ్ళ తరబడి అన్ని రకాల సాయం చేశారు. కౌన్సెలింగ్, ట్యూషన్లు, వేసవి క్యాంపులు, అన్నీ. ముప్పై ఏళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ అనే ఆవిడ ఒక్కొక్కరినీ వెతికి చూస్తే, సాయం అందినవాళ్ళ పరిస్థితే అందనివాళ్ళకన్నా అధ్వానంగా ఉంది. ఎందుకని ఇంకా లోతుగా చూస్తే, ఒకటికంటే ఎక్కువసార్లు క్యాంపులకు పంపిన పిల్లలకే ఎక్కువ నష్టం జరిగిందని తేలింది. అందరూ అట్లాంటి పిల్లలే ఒక్కచోట చేరితే ఎవరు ఎవరి మాటకు నవ్వుతారో ఇక చెప్పక్కర్లేదు కదా. హాస్టళ్ళన్నీ అట్లా ఉంటాయనను. కానీ "తిరిగే పిల్లలు" అని ముద్ర వేసి, అట్లాంటి ఇంకో పదిమంది మధ్యకు నిన్ను నేను పంపను. నాన్న ఒప్పుకున్నారు.

మరి నువ్వేం చెయ్యాలి? పెద్ద హీరోలాగా లేచి నిలబడి "ఇది తప్పు" అని లెక్చర్ ఇవ్వక్కర్లేదు, ఇస్తే మర్నాటి నుంచి నిన్నే ఫట్టు అంటారు, నాకు తెలుసు. నవ్వకు, చాలు. 1950లలో సోలమన్ ఆష్ అనే సైకాలజిస్టు, కళ్ళముందు కనిపించే గీతల పొడవు గురించి గదిలో ఒక్క కుర్రాడు తప్ప మిగతా అందరి చేతా కావాలనే తప్పు చెప్పించాడు. ఆ ఒత్తిడికి, విషయం తెలియని కుర్రాడు కూడా చాలాసార్లు తప్పే చెప్పాడు. అదే ఇంకొక్కడు, ఒకే ఒక్కడు, నిజం చెబితే ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. మీ నలుగురిలో ఇంకొకడికి కూడా లోపల భయంగానే ఉండి ఉంటుంది, నువ్వు నవ్వడం చూసి వాడూ నవ్వుతున్నాడేమో.

మరీ ఇరుక్కుంటే నా మీద తోసెయ్. వాట్సాప్‌లో ఉత్త చుక్క ఒకటి పెట్టు, నేను ఫోన్ చేసి "ఇంటికి చుట్టాలొచ్చారు, వెంటనే రా" అని స్పీకర్‌లో వినపడేట్టు అరుస్తా. ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు అని ఆ రాత్రి అడగను. పొద్దున నువ్వే చెబుతావు. నీ ఫోన్ దొంగచాటుగా చూసే ఉద్దేశం నాకు లేదు, నువ్వు నోరు విప్పి చెప్పిందే నాకు నిజంగా తెలిసినట్టు.

బండి విషయంలో మాత్రం బేరాల్లేవు. గేర్లు లేని బండికైనా 50 సీసీ లోపుంటేనే 16 ఏళ్ళకు లైసెన్స్ ఇస్తారు, మీరెక్కినదానికి 18 నిండాలి. 2019లో మార్చిన చట్టం ప్రకారం మైనర్ నడిపి దొరికితే బండి యజమానికో తల్లిదండ్రులకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, నడిపినవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. వాళ్ళ నాన్న రోజూ డ్యూటీకి వెళ్ళేది ఆ బండి మీదే. ఆ ఇంటి తిండి అది.

శనివారం సాయంత్రం ముగ్గురినీ ఇంటికి పిలువు, మిర్చి బజ్జీ వేస్తా, టీవీ మీకే వదిలేస్తా, మధ్యలో వచ్చి కూర్చోను. ఆదివారం పొద్దున నేను ఆ అబ్బాయి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తున్నా, స్కూటీ తాళాల గురించి మాట్లాడాలి. నీకు తెలియకుండా వెళ్ళడం ఇష్టం లేక ముందే చెబుతున్నా. ఈలోపు వాడికి నువ్వే చెప్పుకుంటావా, నన్నే చెప్పమంటావా, శుక్రవారం లోపు నాతో చెప్పు.

అమ్మ