కనిపెట్టినవాళ్లే పరీక్షిస్తే ఎలా?

సంపాదకుడు గారికి,

ఒక మనిషి తెలివి సమాజానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అనే చర్చ వచ్చినప్పుడల్లా నాకు అమెరికా ఇంజినీరు థామస్ మిడ్గ్లీ గుర్తొస్తారు. నేను కెమిస్ట్రీ టీచర్ని. ఆయన కథ ప్రతి ఏడాదీ పిల్లలకు చెబుతాను.

పెట్రోల్లో సీసం కలిపితే ఇంజిన్ నాకింగ్ (ఇంధనం సరిగా మండక వచ్చే టకటక చప్పుడు) ఆగిపోతుందని 1921లో జనరల్ మోటార్స్‌లో పనిచేస్తూ ఆయన కనుగొన్నారు. సీసం విషమని అప్పటికే తెలుసు. ఆయన ఒంట్లోకే సీసం చేరి కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. 1924లో న్యూజెర్సీలోని ఒక రిఫైనరీలో పెట్రోల్లో కలిపే ఆ సీసపు ద్రవంతో పనిచేసిన అయిదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు. ఆ వెంటనే ఆయన విలేఖరుల ముందు దాన్ని చేతుల మీద పోసుకుని, వాసన పీల్చి, భయమేమీ లేదన్నారు. మరుసటి ఏడాది కార్మికుల జబ్బుల నిపుణురాలు డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ప్రభుత్వం పిలిచిన సమావేశంలోనే ఇది వద్దని గట్టిగా చెప్పారు. ఎవరూ వినలేదు.

“ఆయనకు తెలియదా టీచర్?” అని పిల్లలు అడుగుతారు. తెలుసనే చెప్పాల్సి వస్తుంది.

ఆ తర్వాత దాదాపు 40 ఏళ్లు సీసం హాని గురించిన పరిశోధన చాలావరకు దాన్ని అమ్మేవాళ్ల డబ్బుతోనే నడిచింది. కార్ల పెట్రోల్లోంచి అది ప్రపంచమంతటా పోయేసరికి 2021 వచ్చింది. నూరేళ్లు! ఆ గాలి పీల్చిన పిల్లలను తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఫ్రిజ్‌లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లనే చల్లబరిచే రసాయనాలూ మిడ్గ్లీ బృందం తెచ్చినవే. అవి ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ హెచ్చరించారు. కంపెనీలు కొట్టిపారేశాయి. కానీ ఈసారి కొలిచి చూసే పని కంపెనీల చేతుల్లో లేదు. 1985లో బ్రిటన్ ప్రభుత్వ శాస్త్రవేత్తలు అంటార్కిటికా మీద ఓజోన్ తరుగుదలను బయటపెట్టారు. 1987లో ఆ రసాయనాలను తగ్గించాలని దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ప్రత్యామ్నాయాలు దొరకడమూ కలిసొచ్చింది, నిజమే. అయినా హెచ్చరికకీ ఒప్పందానికీ మధ్య పట్టింది 13 ఏళ్లే.

రెండు చోట్లా తెలివైనవాళ్లకు కొదవ లేదు. తేడా అంతా ఎవరు పరీక్షించారు, ఎవరి మాట విన్నారు అన్న దగ్గరే వచ్చింది.

అందుకే ప్రభుత్వాలను కోరుతున్నాను. కొత్త రసాయనమైనా, కృత్రిమ మేధ అయినా, తయారుచేసినవాళ్లే సురక్షితమని సర్టిఫికెట్ ఇచ్చుకునే పద్ధతిని ఒప్పుకోవద్దు. లాభంలో వాటా లేనివాళ్లతో, ప్రజల డబ్బుతో పరీక్షలు చేయించండి. ఆ రిపోర్టులు అందరూ చదివేలా బయటపెట్టండి.

- ఒక కెమిస్ట్రీ ఉపాధ్యాయురాలు