ఆకు ప్రయోగం నల్లబల్ల మీదే ఆగిపోతోంది

మా ప్రాంతంలోని పలు ఉన్నత పాఠశాలల్లో కిరణజన్య సంయోగక్రియ పాఠాన్ని ప్రయోగం లేకుండానే ముగిస్తున్నారు. సాయంత్రాలు నా దగ్గర చదువుకునే పదో తరగతి పిల్లలు సమీకరణాన్ని తడుముకోకుండా అప్పజెబుతారు. చెట్టుకు అంత బరువు ఎక్కడి నుంచి వచ్చిందంటే మాత్రం మట్టి నుంచి, ఎరువు నుంచి అంటారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్, వేళ్లు పీల్చిన నీరు సూర్యరశ్మి శక్తితో చక్కెరగా మారతాయని, అందులో కొంత పగలంతా ఆకులోనే పిండిపదార్థంగా నిల్వ ఉండి, రాత్రి మళ్లీ చక్కెరగా విడిపోయి గింజకూ దుంపకూ చేరుతుందని వారికి కళ్లారా చూపినవారు లేరు. ఇందుకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మందార కుండీని రెండు రోజులు చీకటి గదిలో ఉంచి, ఒక ఆకుకు నల్లకాగితం పట్టీ వేసి ఎండలో పెట్టాలి. సాయంత్రం ఆ ఆకును నీళ్లలో మరిగించి, వేడినీటి గిన్నెలో నిలిపిన స్పిరిట్‌లో పచ్చదనం పోయేదాకా ఉంచి, కడిగి అయోడిన్ వేస్తే ఎండ తగిలిన మేర నీలినలుపుకు తిరుగుతుంది, కాగితం కప్పిన చోటు అలా మారదు. పిండిపదార్థం ఉన్నచోటే అయోడిన్ అలా నీలినలుపుకు తిరుగుతుంది; అన్నం మెతుకు మీద అయోడిన్ చుక్క వేసినా ఆ నీలినలుపే! మా వసారాలో ఇది చూసిన పిల్లలు పాఠమంతా సొంత మాటల్లో చెప్పగలిగారు. విద్యాశాఖ ఈ ప్రయోగాన్ని ప్రతి విద్యార్థి చేత చేయించి అంతర్గత మార్కుల్లో చేర్చాలి. అయోడిన్, స్పిరిట్‌లకు బడి తెరిచిన జూన్‌లోనే నిధులివ్వాలి. స్పిరిట్‌కు మంట సోకకుండా ఉపాధ్యాయులు దగ్గరుండి చూడాలి.

– ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు