విషజ్వరం అంటే ఏ జ్వరం?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో డెంగ్యూ మీద వచ్చిన వార్త కటింగ్ నా ముందుంది. ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గితే ప్రాణాలకే ముప్పని శీర్షిక. లోపల, జ్వరం తగ్గితే గండం గడిచినట్టేనని ఓ వాక్యం. రెండూ తప్పే. ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆ వార్త మా పక్కింట్లో ఏం చేసిందో కళ్లారా చూశాక రాయక తప్పడం లేదు.

పక్కింటి అబ్బాయికి పద్నాలుగేళ్లు. నాలుగు రోజుల జ్వరం, పరీక్ష చేస్తే డెంగ్యూ, ప్లేట్‌లెట్లు 62 వేలు. వాళ్లమ్మ మీ పేపరు చేత పట్టుకుని "అక్కా, లక్ష కూడా లేవంట, నా బిడ్డ బతుకుతాడా" అంటూ ఏడుస్తూ వచ్చింది. వాళ్లాయన అప్పటికే బ్లడ్ బ్యాంకు దగ్గర నిలబడి దాతల కోసం అందరికీ ఫోన్లు చేస్తున్నాడు. ఎవరో బొప్పాయి ఆకులు దంచి గ్లాసుడు రసం పట్టించారు. నేను వెళ్లేసరికి పిల్లాడు బకెట్ ముందు కూర్చుని కక్కుతున్నాడు. ఒళ్లు చల్లగా ఉంది. జ్వరం దిగింది కదా, ఇక ప్లేట్‌లెట్లు దొరికితే చాలని ఇంటిల్లిపాదీ అదే ధ్యాస. నాకు భయం వేసింది ఆ చల్లబడ్డ ఒళ్లు చూసే. కడుపు మీద చెయ్యి వేస్తే నొప్పన్నాడు. పొద్దుటి నుంచి ఒంటికి వెళ్లలేదన్నాడు. అప్పటికప్పుడు ఆటో పిలిచి ఆసుపత్రిలో చేర్పించాం. డాక్టరు ముందు చూసింది బీపీ, రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పీసీవీ. సెలైన్‌తోనే మూడో రోజుకి తేరుకున్నాడు. ప్లేట్‌లెట్లు ఒక్క సంచీ కూడా ఎక్కించలేదు.

డెంగ్యూలో అసలు గండం జ్వరం దిగేటప్పుడే, మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు. రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోయి రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే పరుగెత్తమని తల్లిదండ్రులకు చెప్పాలి. రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్లు 10 వేల లోపుకు పడిపోతే తప్ప ముందుజాగ్రత్తగా ఎక్కించనక్కర్లేదని మన జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. ఒళ్లునొప్పులకు ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు, పారాసిటమాల్ చాలు అన్న ఒక్క ముక్క ఆ వార్తలో లేదు. కివీ పండ్లకు మాత్రం సగం కాలమ్ ఇచ్చారు.

ఇంకో మాట చాలా ఏళ్లుగా నా గొంతులో అడ్డుపడి ఉంది. విషజ్వరం. వానలు పడితే చాలు, ప్రతి పేపర్లోనూ విషజ్వరాలే, మంచం పట్టిన మన్యమే. విషజ్వరం అనే జబ్బు నేను ఏ కేసు షీటు మీదా చూడలేదు. మలేరియా పరాన్నజీవి వల్ల వస్తుంది, దానికి మందుంది. టైఫాయిడ్ బ్యాక్టీరియా, దానికి యాంటీబయాటిక్ ఉంది. డెంగ్యూ వైరస్, దాన్ని చంపే మందు లేదు, కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. మూడింటికీ ఒకే పేరు పెడితే పాడేరు, చింతపల్లి వైపు పల్లెల్లో జనం ఏ జ్వరానికైనా ఒక సూది పొడిపించుకుని ఇంటికి పోతారు. అది ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా అయితే, ఆలస్యమైతే మెదడుకి ఎక్కుతుంది. రక్తం చుక్క తీసి పరీక్ష చేశారా లేదా అని విలేకరి అడగడు, అడిగి రాసినా డెస్కులో ఆ ముక్క ఉంచరు.

ఇక లెక్కల సంగతి. ఒక రోజు డెంగ్యూతో మృతి అని వస్తుంది. మర్నాడు అది డెంగ్యూ కాదని అధికారుల ఖండన వస్తుంది. మూడో రోజుకి ఆ ఊసే ఉండదు. ప్రైవేటులో చేసేది చాలావరకు అక్కడికక్కడే ఫలితం చెప్పే ర్యాపిడ్ కిట్ పరీక్ష. ప్రభుత్వం లెక్కలోకి తీసుకునేది ల్యాబ్‌లో చేసే ఎలీసా పరీక్షనే. జ్వరం మొదలైన ఐదు రోజుల లోపు అయితే రక్తంలో వైరస్ తాలూకు ఎన్‌ఎస్‌1 ప్రొటీన్ కోసం, ఆ తర్వాత అయితే ఒళ్లు తయారుచేసుకునే ఐజీఎం యాంటీబాడీల కోసం చూస్తారు. ఈ నాలుగు వాక్యాలు రాస్తే పాఠకుడికి సంగతి అర్థమవుతుంది. అవి రాయకపోవడం వల్ల పేపరు అబద్ధమాడుతోందని కొందరు, అధికారులు దాస్తున్నారని కొందరు. అధికారుల తప్పు లేదనడం లేదు. ఎన్ని ఎలీసాలు చేశారో, ఎన్ని పాజిటివో వార్డుల వారీగా ఏ రోజుకారోజు చెప్పడానికి వాళ్లకేం అడ్డం? పొగ యంత్రం పట్టుకుని ఫోటో దిగడానికి మాత్రం తీరిక ఉంటుంది, మీరూ దాన్నే మూడు కాలమ్‌ల వెడల్పున వేస్తారు. పొగ ఎగిరే దోమనే చంపుతుంది. డాబా మీద మూత లేని డ్రమ్ములో, కూలరు అడుగున, పూలకుండీ కింద పళ్లెంలో ఉన్న పురుగుని ఏమీ చెయ్యదు. శుక్రవారం శుక్రవారం ఆ నీళ్లు పారబోసి ఆరబెట్టమని 'ఫ్రైడే డ్రైడే' పెట్టింది అందుకు. శుక్రవారం పేపర్లో ఆ డ్రమ్ము ఫోటో వెయ్యండి.

ఆరోగ్యం వార్త అచ్చుకి పోయే ముందు ఆ జబ్బు చూసే డాక్టరుకి ఒకసారి చదివి వినిపించండి. ఐదు నిమిషాల పని. మన ఊళ్లో మెడికల్ కాలేజీకి వందేళ్లు దాటాయి, డాక్టర్లకు కొదవ లేదు. తప్పు దొర్లితే లోపలి పేజీలో ఓ మూల రెండు లైన్ల సవరణ వద్దు. ఆ వార్త వచ్చిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో, ఈ వారంలోనే వెయ్యండి. వానలు ఇంకా అయిపోలేదు. ఈ కటింగ్ నేను మా పక్కింటావిడ ఫ్రిజ్ మీంచి తీసి తెచ్చాను. ఇంకా ఎన్ని ఇళ్లలో అంటించి ఉందో మరి.

ఇట్లు,
రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
పెదవాల్తేరు, విశాఖపట్నం