నీ ఇరవై యువాన్ల నోటు ఖర్చు పెట్టేశా మావా

ఒరేయ్ మావా,

ముందే చెప్పేస్తున్నా, తిట్టుకోకు. నీ నోట్ల ఆల్బంలోకని ఒక ఇరవై యువాన్ల నోటు దాచా అన్నాను చూడు, వెనకపక్క నదీ కొండలూ ఉండేది, అది ఇక రాదు. నాలుగు పంపరపనసకాయలకి ఇచ్చేశా. ఎందుకిచ్చానో అర్థం కావాలంటే మొత్తం చెప్పాలి, టీ పెట్టుకుని కూర్చో.

పోయిన శనివారం యాంగ్‌షువో వెళ్ళొచ్చా. ఇక్కడ చైనాలో గ్వాంగ్షీ ప్రాంతంలో, గుయ్‌లిన్ కిందకి వస్తది, మా గ్వాంగ్‌జౌ నుంచి ఫాస్ట్ రైల్లో రెండు గంటల పైచిలుకు, దిగాక మళ్ళీ బస్సు. అక్టోబర్ మొదటి వారం సెలవుల్లో పోతే కొండలు కాదు జనం తలకాయలే కనపడతాయని ఆఫీసులో భయపెట్టారు, అందుకని నవంబర్ దాకా ఆగా. ఆ నోటు మీద బొమ్మ ఈ చుట్టుపక్కలదే తెలుసా, లీ నది, షింగ్‌పింగ్ దగ్గర. అసలు నోటు పర్సులో పెట్టుకుని వెళ్ళిందే దాన్ని ఆ కొండల ముందు పట్టుకుని ఫోటో తీసి నీకు పంపుదామని. ఇక్కడ ప్రతి టూరిస్టూ చేసే పనే అనుకో.

పొద్దున్నే గుయ్‌లిన్ మీఫెన్ తిన్నా, బియ్యపు సేమ్యా అనుకో, మీద వేయించిన సోయా గింజలు, ఊరబెట్టిన చిక్కుళ్ళు మనకి కావాల్సినంత మనమే వేసుకోవచ్చు. నేను వేసుకున్న మోతాదు చూసి కొట్టావిడ నవ్వింది. పచ్చడి మెతుకుల జాతి కదా మనది. తర్వాత సైకిలు అద్దెకి తీసుకున్నా. అందరూ ఎలక్ట్రిక్ బండ్లు తీసుకుంటున్నారు, నాకు మాత్రం తొక్కుడు సైకిలే కావాలని పట్టు, ముందు బుట్ట ఉన్నది ఇచ్చాడు. చైను వదులుగా ఉందేమో అని అప్పుడే అనుమానం వచ్చింది కానీ ఊరుకున్నా.

లీ నది వైపు పోలేదు, దాంట్లో కలిసే యూలోంగ్ అని చిన్న ఏరు ఉంది, దాని గట్టున పైకి పోయా. నువ్వు చూడాల్రా. పొలాలు బల్లపరుపుగా ఉంటాయి, వాటి మధ్యలోంచి ఒక్కో కొండ ఎవరో తెచ్చి నిలబెట్టినట్టు నిటారుగా లేస్తది, పక్కదాంతో సంబంధం లేకుండా. అంతా సున్నపురాయి, వాన నీళ్ళు లక్షల ఏళ్ళు కరిగించగా మిగిలినవి. మన బొర్రా గుహలూ సున్నపురాయే కదా, అక్కడ నీళ్ళు లోపల తొలిచాయి, ఇక్కడ చుట్టూ ఉన్నదంతా తినేసి స్తంభాలు మిగిల్చాయి. లీ నది మీద తెప్పలంటారు గానీ అవి ప్లాస్టిక్ పైపులకి మోటారు కట్టినవి, ఒకటే గోల. ఇక్కడ మాత్రం నిజం వెదురువి, ఒకతను వెనక నిలబడి గడకర్రతో తోస్తాడు, చిన్న చిన్న అడ్డుకట్టలు వచ్చినప్పుడు తెప్ప ముక్కు కిందకి వాలి దభీమని జారుతది, ముందు కూర్చున్నోళ్ళు కెవ్వుమంటారు. నేను అరగంట గట్టున కూర్చుని అదే చూశా, డబ్బుల్లేకుండా ఎంటర్‌టైన్‌మెంటు.

ఇంకొంచెం పోయాక రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. అచ్చం మన రేపల్లె రోడ్డులాగే, సగం రోడ్డు ధాన్యానిది, సగం బండ్లది. ఒక పెద్దాయన చెక్క పారతో తిరగేస్తున్నాడు, నేను దిగి సైకిలు నడిపించుకుంటూ అంచునుంచి పోతుంటే నవ్వి, తిన్నావా అన్నాడు. ఛీ ఫాన్ లె మా. వీళ్ళకి పలకరింపే అది, మన ఊళ్ళో "అన్నం తిన్నావా"కి ఎంత అర్థమో దీనికీ అంతే. తిన్నా అని చెప్పి, యిందూ నుంచి వచ్చా అన్నా, ఇండియాని వీళ్ళలాగే అంటారు. ఆయన దోసెడు ధాన్యం తీసి నా చేతిలో పోశాడు. రెండు గింజలు పళ్ళ మధ్య కొరికి చూశా, నాన్న చూసేవాడే అట్లా. ఇంకా పచ్చిగా ఉన్నాయి అని తల అడ్డంగా ఊపా, ఆయనా ఊపాడు. అంతే సంభాషణ.

మధ్యాహ్నానికి యూలోంగ్ వంతెన చేరా. 1412లో కట్టిందంట, మింగ్ రాజుల కాలం, ఒక్కటే రాతి కమాను. రాళ్ళ సందుల్లోంచి తీగలు కిందకి వేలాడుతున్నాయి. ఫోటోలు తీసి తీసి ఫోన్ చచ్చింది. తిరిగొస్తుంటే సన్న బాటలో చైను ఊడింది. మ్యాప్ లేదు, ఫోన్ లేదు. అప్పుడు గుర్తొచ్చావురా నువ్వు, కాలవగట్టు మీద అద్దె సైకిలు అడ్డతొక్కుడు తొక్కి గంటకోసారి చైను ఊడగొట్టేవాళ్ళం కదా. సైకిలు తిరగేసి పెట్టి, వెదురు పుల్ల తెచ్చి, చైను కింద పళ్ళకి తగిలించి పెడల్ వెనక్కి తిప్పా, టక్కున ఎక్కింది. చేతులు మాత్రం బొగ్గులు.

తోట అంచున కాయలమ్ముకునే ఒక మామ్మ ఇదంతా చూస్తా కూర్చుంది. చెంబుతో నీళ్ళు, గుప్పెడు బూడిద ఇచ్చింది చేతులు రుద్దుకోమని. తర్వాత ఒక పంపరపనసకాయ తీసి, కత్తితో పైనుంచి కిందకి ఆరు గాట్లు పెట్టింది, తొక్క పువ్వులాగా విడదీసింది, లోపల వేలు మందాన తెల్లటి బెండు, అది ఒలిచాక తొనలు. తియ్యగా, చివర్లో కాస్త చేదు. అది ఊరికే పెట్టింది. సిగ్గేసి రెండు కాయలు కొంటా అన్నా, ఒక్కోటి ఐదు యువాన్లు. క్యూఆర్ కోడ్ అట్ట చూపించింది! చెట్టుకింద మామ్మ కూడా ఫోన్‌లోనే. నా ఫోనేమో శవం. పర్సులో ఉన్నది నీ నోటొక్కటే. ఇస్తే ఆవిడ దగ్గర చిల్లర లేదు, అందుకని ఇంకో రెండు కాయలు బుట్టలో పడేసింది. వద్దు మామ్మా అంటే వినదే.

నాలుగు కాయలు, ఒక్కోటి కిలో పైనే. ముందు చక్రం ఎటు పోవాలో అదే నిర్ణయించుకుంటోంది. దారి తెలీక ఏటి నీళ్ళు ఎటు పోతే అటు పోయా, చైను ఇంకో రెండుసార్లు ఊడింది, చీకటి పడ్డాక చేరా. రాత్రి బీరు చేప తిన్నా, పొలుసు తీయకుండా టమాటాలేసి బీరులో ఉడికిస్తారు, అమ్మ పులుసు ముందు ఆగదు గానీ ఆకలికి బానే పోయింది.

ఇక నోటు సంగతి. ఏటీఎంలో వందలే వస్తున్నాయి, చేతి డబ్బులు వాడేవాడే కనపడడు. మా వీధి చివర కూరలమ్మే పెద్దాయనకి చెప్పి ఉంచా, ఇరవై వస్తే పక్కన పెడతానన్నాడు. మడత లేనిదే కావాలా, నలిగినా పర్లేదా? అది రాయి.

నీ
మావ