గుడి కట్టడానికి ముందు కట్టాల్సిన డబ్బు: అనుమతుల నిధికి విరాళాల విజ్ఞప్తి

భక్తులందరికీ ఆలయ కమిటీ నమస్కారాలు.

గోపురానికి ఇస్తామన్నవారు ఉన్నారు. గర్భాలయం గ్రానైట్‌కు ఇస్తామన్నవారూ ఉన్నారు. వంటశాలలో పెట్టే గ్రైండర్లకు కూడా దాతలు దొరికారు. కౌన్సిల్ (స్థానిక మున్సిపాలిటీ) ఫీజులకు ఇస్తామని మాత్రం ఇంతవరకు ఎవరూ అనలేదు. అందులో ఎవరినీ తప్పుపట్టేదేమీ లేదు, ఫీజు రశీదు మీద దాత పేరు చెక్కించలేం కదా! కానీ సిడ్నీలో మనం కొన్న గోదాము షెడ్డు గుడి కావాలంటే పని మొదలయ్యేలోపే ఈ డబ్బు కావాలి. మొత్తం 80,000 డాలర్లు. ఆ లెక్క ఎలా వచ్చిందో చూడండి.

నిర్మాణ అంచనా 12 లక్షల డాలర్లు. దానికి 10 శాతం జీఎస్టీ కలిపితే 13 లక్షల 20 వేలు. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అన్ని ఫీజులూ ఒకే అంకె మీద వేయరు. న్యూ సౌత్ వేల్స్‌లో 2024 మార్చి నుంచి డీఏ (కట్టడానికి అనుమతి కోరుతూ కౌన్సిల్‌కు పెట్టే డెవలప్‌మెంట్ అప్లికేషన్) ఫీజుకు ‘ఎస్టిమేటెడ్ డెవలప్‌మెంట్ కాస్ట్’ (అంచనా నిర్మాణ ఖర్చు) ఆధారం, అందులో జీఎస్టీ ఉండదు. సెక్షన్ 7.12 కాంట్రిబ్యూషన్ (స్థానిక సౌకర్యాల కోసం కౌన్సిల్‌కు కట్టే వాటా), లాంగ్ సర్వీస్ లెవీ (నిర్మాణ కార్మికుల దీర్ఘకాల సేవా సెలవు నిధికి కట్టేది) మాత్రం జీఎస్టీ కలిపిన మొత్తం మీద లెక్కకడతారు. ఒకే అంకెతో అన్నీ లెక్కేసుకుంటే తీరా కట్టే రోజున డబ్బు చాలదు.

డీఏ ఫీజు: 10 లక్షలు దాటి కోటి డాలర్ల వరకు ఉన్న పనికి 26.15 ఫీజు యూనిట్లు, దాని మీద 10 లక్షలకు పైబడిన ప్రతి వెయ్యికీ 1.44 డాలర్లు. మనకు పైబడింది 2 లక్షలు కాబట్టి ఆ భాగం 288 డాలర్లు. రాష్ట్ర ప్లానింగ్ శాఖ 2021 నిబంధనల్లో యూనిట్ 100 డాలర్లతో మొదలై ధరలతోపాటు పెరుగుతూ వస్తోంది. అందుకని 3,500 పక్కన పెట్టాం. ఇరుగుపొరుగుకు నోటీసులు, ప్రకటనల ఖర్చు 1,500.

సెక్షన్ 7.12 కింద లక్ష డాలర్ల వరకు ఏమీ లేదు, 2 లక్షల వరకు అర శాతం, ఆపైన మొత్తం ఖర్చు మీద 1 శాతం. అంటే 13,200. లెవీ 0.25 శాతం, అది 3,300. లెవీ కట్టందే కన్‌స్ట్రక్షన్ సర్టిఫికెట్ (పని మొదలుపెట్టడానికి కావలసిన పత్రం) చేతికి రాదు.

“మనది లాభాపేక్ష లేని సంస్థ కదా, మాఫీ చేయరా?” అని చాలామంది అడుగుతున్నారు. కాంట్రిబ్యూషన్ ప్లాన్‌లో ఆ వెసులుబాటు రాసి ఉంటేనే కౌన్సిల్ ఇస్తుంది. ఆ కోరిక లేఖ డీఏతోపాటే వెళ్లాలి. అనుమతిలో షరతుగా అంకె పడ్డాక తీయించాలంటే సెక్షన్ 4.55 కింద సవరణ దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి మళ్లీ ఫీజు. వాలంటీర్ల శ్రమ వాడుకునే మత సంస్థలకు లెవీలో కొంత తగ్గింపు ఉంది, దానికీ కట్టకముందే దరఖాస్తు పెడుతున్నాం. ఇవేవీ వస్తాయని బడ్జెట్‌లో లెక్కేసుకోలేదు. వస్తే ఆ మిగులు నిర్మాణ నిధికి వెళ్తుంది.

ఇంకో మాట. సేవగా చేసిన పెయింటింగును, దానంగా వచ్చిన రాయిని అంచనాలోంచి తీసేస్తే ఫీజు తగ్గుతుందని ఒక సలహా వచ్చింది. అలా చేయం. కౌన్సిల్ చూసేది మార్కెట్ ధర. క్వాంటిటీ సర్వేయర్ (నిర్మాణ ఖర్చు లెక్కకట్టే నిపుణుడు) రిపోర్టుకు, మన అంకెకు పొంతన లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది.

ఫీజులకన్నా ఎక్కువ తినేవి రిపోర్టులు. ట్రాఫిక్, పార్కింగ్ 6,000, శబ్దం 5,000, బిల్డింగ్ కోడ్ 4,000, వికలాంగుల ప్రవేశం 2,500, ఫైర్, హైడ్రాలిక్ (నీటి పైపులు) 6,000, సర్వే 3,000, క్వాంటిటీ సర్వేయర్ 2,000. కలిపి 28,500. వినాయక చవితికి, వైకుంఠ ఏకాదశికి వచ్చే జనాన్ని తక్కువ చేసి చూపిస్తే పార్కింగ్ రిపోర్టు సులువుగా గట్టెక్కుతుంది. కానీ అదే సంఖ్య రేపు అనుమతిలో పరిమితిగా కూర్చుంటుంది. నాదస్వరం, మైకు సంగతి కూడా అంతే, శబ్దం రిపోర్టులో ఉన్నదున్నట్టు చెప్పాల్సిందే.

అన్నిటికన్నా భయపెట్టేది ఫైర్ విషయం. బిల్డింగ్ కోడ్ ప్రకారం గోదాము క్లాస్ 7బీ, జనం చేరే గుడి క్లాస్ 9బీ. తరగతి మారగానే బయటికెళ్లే దారుల వెడల్పు, మరుగుదొడ్ల సంఖ్య, ర్యాంపులు అన్నీ కొత్తగా సరిచూస్తారు. నేల విస్తీర్ణం 500 చదరపు మీటర్లు దాటితే ఫైర్ హైడ్రెంట్ (మంటలార్పే నీటి కుళాయి) తప్పదు, మనది దాటింది. వీధి పైపులో ప్రెషర్, ఫ్లో చాలకపోతే పంపు, ట్యాంకు పెట్టాలి. ఆ ఖర్చు ఫీజుల్లో కాదు, నిర్మాణంలో పడుతుంది. అందుకే ప్లాను గీయించకముందే ఆ వివరాలు తెప్పించుకుంటున్నాం. హోమగుండం ఎక్కడో, పొగ బయటికెలా పోతుందో కూడా ఇప్పుడే గీతల్లో ఉండాలి. లేకపోతే ప్రతి గణపతి హోమానికీ స్మోక్ డిటెక్టర్ కూతపెడుతుంది.

అనుమతి వచ్చాక సర్టిఫయర్‌కు (పనిని తనిఖీ చేసి సర్టిఫికెట్లు ఇచ్చే అధికారికి) 11,000, సిడ్నీ వాటర్ (నీటి సరఫరా సంస్థ) ఇచ్చే సెక్షన్ 73 సర్టిఫికెట్‌కు, దాన్ని ఇప్పించే కోఆర్డినేటర్‌కు కలిపి 4,000, ఫుట్‌పాత్ పాడైతే బాగుచేయడానికి పూచీగా కట్టే డిపాజిట్ 6,000. డిపాజిట్ తిరిగి వస్తుంది, కానీ పని మొదలవకముందే కెర్బ్‌కు (రోడ్డు అంచు గట్టుకు) తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోకపోతే పాత పగుళ్లు కూడా మన లెక్కలోనే రాస్తారు. పునాది గుంత తవ్వాక కాంక్రీటు పోయకముందు, వాననీటి పైపులు మూయకముందు సర్టిఫయర్ వచ్చి చూడాలి. ఒక్క తనిఖీ తప్పినా చివర్లో ఆక్యుపేషన్ సర్టిఫికెట్ (భవనాన్ని వాడుకోవచ్చని ఇచ్చే పత్రం) దగ్గర చిక్కు పడుతుంది, అది లేకుండా గుడి తలుపులు తెరవలేం.

ఇవన్నీ కలిపితే 71,000. సవరణలకు, మళ్లీ తనిఖీలకు, ఫీజుల పెరుగుదలకు మరో 9,000.

ఇప్పుడు అత్యవసరం డీఏ దాఖలు చేయడానికి కావలసిన 33,500. కుటుంబానికి 1,116 డాలర్ల చొప్పున 30 కుటుంబాలు ముందుకొస్తే 33,480 వస్తుంది, ఆ మిగిలిన 20 హుండీలోంచి వేస్తాం. 516, 116 ఇచ్చినా అంతే సంతోషం. తర్వాతి 37,500 అనుమతి వచ్చాకే అడుగుతాం.

ఈ విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. మన సంస్థ చారిటీగా నమోదైనా, విరాళాలకు పన్ను మినహాయింపు ఇప్పించే డీజీఆర్ హోదా లేదు. ఇది ముందే తెలిసి ఇవ్వండి.

బ్యాంకులో వేసేవారు రిఫరెన్సులో ‘అనుమతుల నిధి’ అని, మీ ఇంటిపేరు రాయండి, లేకపోతే అది సాధారణ ఖాతాలో కలిసిపోతుంది. నగదు ఇచ్చేవారు ఆలయ కౌంటర్‌లో రశీదు తీసుకోండి. కట్టిన ప్రతి ఫీజు రశీదు నకలు నోటీసు బోర్డు మీద పెడతాం, దాని పక్కనే ఖాతాలో ఎంత మిగిలిందో రాస్తాం.

ఇట్లు,
ఆలయ నిర్మాణ కమిటీ